పల్లాడియం తీసి ప్లాటినం పెడితే

లిథియం, పల్లాడియం, బోరాన్ కలిపి చేసిన ఒక పదార్థం ఉంది. దాదాపు 7 కెల్విన్ దాకా, అంటే మైనస్ 266 డిగ్రీల సెల్సియస్ దాకా చల్లబరిస్తే అది అతివాహకం అయిపోతుంది, కరెంటుకి అడ్డన్నదే ఉండదు. అందులో పల్లాడియం తీసేసి అవే చోట్లలో ప్లాటినం కూర్చోబెట్టారనుకోండి, స్ఫటికం అల్లిక మారదు, కెమిస్ట్రీ కూడా పెద్దగా మారదు (పీరియాడిక్ టేబుల్‌లో రెండూ ఒకే నిలువు వరుసవి), అతివాహకత కూడా ఎక్కడికీ పోదు, కాకపోతే ఇంకాస్త చల్లగా, 2.7 కెల్విన్ దాకా వెళ్లాలి. అయినా రెండిట్లో ఉన్నది ఒకే రకం అతివాహకత కాదు.

అతివాహకంలో ఎలక్ట్రాన్లు జంటలు కడతాయి. మామూలు రకంలో ఒకదాని స్పిన్ (ఎలక్ట్రాన్‌లో ఉండే చిన్న అయస్కాంతం లాంటి గుణం) పైకుంటే రెండోదాని స్పిన్ కిందికి, రెండూ కలిసి సున్నా. దీన్ని సింగ్లెట్ అంటారు. స్పిన్‌లు రద్దు కాకుండా కూడుకునే జంట కూడా సాధ్యమే, అది ట్రిప్లెట్, చాలా అరుదు. సాధారణంగా ఒక పదార్థంలో ఇదో అదో ఉండాలి తప్ప రెండూ కలవవు. ఆ కలవనివ్వకపోవడం స్ఫటికంలోని ఒక సౌష్ఠవం చేసే పని. స్ఫటికంలో ఒక కేంద్రబిందువు తీసుకుని, ఏదో ఒక పరమాణువు నుంచి దాని గుండా గీత గీసి అవతల అంతే దూరం వెళ్తే అక్కడ మళ్లీ అదే రకం పరమాణువు కనిపించాలి, ఏ పరమాణువుతో మొదలుపెట్టినా సరే. దీనికే విలోమ సౌష్ఠవమని పేరు. మనం చెప్పుకున్న రెండు పదార్థాల్లోనూ అలాంటి బిందువు ఎక్కడ వెతికినా దొరకదు.

అది లేకపోతే ఏమవుతుంది? లోపలి విద్యుత్ క్షేత్రాలు రెండు వైపులా సరితూగవు. వేగంగా వెళ్లే ఎలక్ట్రాన్‌కి విద్యుత్ క్షేత్రం కొంత అయస్కాంత క్షేత్రంలా తగులుతుంది (సాపేక్షతా సిద్ధాంతం పుణ్యం), దాంతో స్పిన్ ఎటు తిరగాలన్నది ఎలక్ట్రాన్ ఎటు వెళ్తోందన్న దాన్ని బట్టి ఉంటుంది. దీన్నే స్పిన్-ఆర్బిట్ బంధం అంటారు. దీనివల్ల ఒకే శక్తితో ఉండాల్సిన ఎలక్ట్రాన్ పట్టీ (ఎలక్ట్రాన్లకి వీలయ్యే శక్తుల శ్రేణి) రెండుగా చీలుతుంది, అప్పుడు సింగ్లెట్, ట్రిప్లెట్ అన్న తేడా చెదిరి రెండూ కలుస్తాయి. 2001లో గోర్కోవ్, రష్బా అనే భౌతిక శాస్త్రవేత్తలు ఈ కలయికని లెక్క కట్టి చూపించారు. చీలిన ఒక పట్టీలో జంటని విడగొట్టడానికి కావాల్సిన శక్తి (దీన్ని గ్యాప్ అంటారు), సింగ్లెట్ వాటా ప్లస్ ట్రిప్లెట్ వాటా. రెండో పట్టీలో మైనస్. ట్రిప్లెట్ వాటా తగినంత పెరిగితే ఆ తీసివేత కొన్ని దిశల్లో సున్నా అయిపోతుంది, అంటే అక్కడ జంటలు విడిపోవడానికి దాదాపు ఏమీ ఖర్చు కాదు.

2006లో యువాన్, ఆయన సహచరులు వెతికింది ఈ సున్నాల కోసమే. అతివాహకం లోపలికి అయస్కాంత క్షేత్రం చొరబడదు అంటారు గానీ, పైపొరలో మైక్రాన్‌లో కొంత మేరకైతే చొరబడుతుంది. వేడి కాస్త పెరిగి జంటలు విడిపోతున్నకొద్దీ ఆ లోతు పెరుగుతుంది. మెగాహెర్ట్జ్‌లలో ఊగే టన్నెల్ డయోడ్ సర్క్యూట్‌లోని తీగచుట్టలో చిన్న స్ఫటికం ముక్క పెట్టి, ఆ ఫ్రీక్వెన్సీ ఎంత జరిగిందో చూస్తూ ఆ లోతులో వచ్చే చాలా సూక్ష్మమైన మార్పులు పట్టారు. పల్లాడియం ముక్కలో బాగా చల్లటి దగ్గర ఆ లోతు దాదాపు మారలేదు, సున్నాలు లేవన్నమాట. ప్లాటినం ముక్కలో మాత్రం ఉష్ణోగ్రతతో పాటు సరళరేఖలా పెరిగింది, సున్నాలున్నాయి. కేంద్రకంలో పల్లాడియానికి 46 ప్రోటాన్లు, ప్లాటినానికి 78; బరువైన కేంద్రకం దగ్గర స్పిన్-ఆర్బిట్ బంధం చాలా బలంగా ఉంటుంది. మరుసటి ఏడాది ఎన్‌ఎంఆర్ పరీక్షలు (పరమాణు కేంద్రకాల అయస్కాంత స్పందనని కొలిచేవి) కూడా ఇదే చెప్పాయి.

విలోమ సౌష్ఠవం లేని అతివాహకాల రంగానికి ఊపు తెచ్చింది నిజానికి ఈ లిథియం పదార్థాలు కావు, 2004లో వియన్నాలో ఎర్నెస్ట్ బవర్ బృందం బయటపెట్టిన సీరియం-ప్లాటినం-సిలికాన్ పదార్థం. 0.75 కెల్విన్ దగ్గర అతివాహకమయ్యే దానికి, సింగ్లెట్ జంటలే అయితే, మామూలు లెక్క ప్రకారం అయస్కాంత క్షేత్రం 1.4 టెస్లా దాటితే జంటలు నిలవకూడదు. అవి దాదాపు 5 టెస్లా దాకా నిలిచాయి. ఇది చూసి "ఇంకేముంది, ట్రిప్లెట్టే" అని తీర్మానించేయడం నాకు తొందరపాటుగానే అనిపిస్తుంది. ఎందుకంటే విలోమ సౌష్ఠవం లేని చోట స్పిన్‌లు ఎలక్ట్రాన్ వెళ్లే దిశకి కట్టుబడిపోతాయి కాబట్టి, ఉత్త సింగ్లెట్ జంట కూడా కొన్ని దిశల్లో ఆ హద్దుని దాటగలదు. పైగా ఆ పదార్థంలో 2.2 కెల్విన్ దగ్గరే అయస్కాంత క్రమం (పరమాణువుల చిన్న అయస్కాంతాలు ఓ పద్ధతిలో కుదురుకోవడం) మొదలవుతుంది, దేనివల్ల ఏం జరుగుతోందో విడదీయడం పెద్ద తలనొప్పి. లిథియం పదార్థాలు రెండిట్లో ఆ గొడవ లేదు, నాకు అవి ఎక్కువ నచ్చడానికి కారణం ఇదే.

అలాగని బరువైన పరమాణువు పెడితే చాలు ట్రిప్లెట్ వచ్చేస్తుందనీ కాదు. బిస్మత్-పల్లాడియం పదార్థాన్నే చూడండి, ముంబై టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్లు 2011లో మంచి స్ఫటికాలు పెంచి, 3.8 కెల్విన్ దగ్గర అది అతివాహకమని చూపించారు. విలోమ కేంద్రం లేదు, బిస్మత్‌లో 83 ప్రోటాన్లు, అంటే ప్లాటినం కన్నా బరువే. మొదట్లో దాంట్లో మామూలు కాని లక్షణాలు కనిపించాయి కూడా. తర్వాత స్కానింగ్ టన్నెలింగ్ మైక్రోస్కోపుతో ఉపరితలాన్ని దగ్గరగా చూస్తే ఎక్కువగా కనిపించింది ఒకే గ్యాప్, ఎక్కడా సున్నా లేదు, అచ్చం పాత సింగ్లెట్ పద్ధతే. జంటలు కట్టించే బలం మొదటి నుంచీ సింగ్లెట్ వైపే మొగ్గి ఉంటే, పట్టీలు ఎంత చీలినా ట్రిప్లెట్ వాటా చిన్నదిగానే మిగులుతుంది. తీసివేత సున్నా దాకా వెళ్లదు.