ఎర్రగీత ఎందుకు పక్కకు జరిగింది? ఎడిటర్లో ‘స్థానం’ గురించి కొన్ని అపోహలు - వాస్తవాలు

నేను తెలుగు స్పెల్‌చెక్ ప్లగిన్ మీద పనిచేస్తుంటాను. తప్పు పదం కింద ఎర్రగీత గీయడం పెద్ద పనేం కాదు. మనిషి టైప్ చేస్తూ ఉంటే ఆ గీత ఆ పదం కిందే ఉండేట్టు చూడటమే అసలు తలనొప్పి.

అపోహ: స్థానం అంటే ఎన్నో అక్షరమో చెప్పే అంకె, అంతే.

ఎవరి లెక్కలో? ‘స్త్రీ’ మన కంటికి ఒక్క అక్షరం. కంప్యూటర్లో అక్షరాలకు నంబర్లిచ్చే ప్రమాణం యూనికోడ్‌లో స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం: మొత్తం ఆరు. ఆ నంబర్లను బైట్లుగా దాచే పద్ధతి యూటీఎఫ్-8లో ఒక్కోదానికి మూడు బైట్లు, అంటే 18. ఎడిటర్, భాషా సర్వర్ (తప్పులు వెతికిపెట్టే వేరే ప్రోగ్రాం) మాట్లాడుకునే పద్ధతి ఎల్‌ఎస్‌పీ మామూలుగా యూటీఎఫ్-16 అనే ఇంకో లెక్కలో నడుస్తుంది, అందులో మళ్లీ 6. మా సర్వరేమో బైట్లు లెక్కపెట్టి పంపేది. ఇంగ్లిష్ ఫైళ్లతో పరీక్షించినన్నాళ్లూ అంతా సవ్యంగానే ఉంది, అక్కడ అక్షరానికి ఒకటే బైటు కదా! తెలుగు ఫైలు తెరిచాం. లైను మొదట్లో ఒక్క ‘స్త్రీ’ ఉంటే చాలు, గీత 12 స్థానాలు కుడికి పోయేది.

కర్సర్ ఎక్కడ ఆగాలన్నది ఇంకో లెక్క. ‘స్త్రీ’ మొత్తాన్ని ఒకే ముక్కగా చూసే నియమం 2023లో, యూనికోడ్ 15.1తో గానీ రాలేదు.

అపోహ: గుర్తుపెట్టుకున్న స్థానానికి ముందు ఎన్ని అక్షరాలు చేరితే దానికి అన్ని కూడితే సరి.

‘రాముడు వచ్చాడు’లో రెండో పదం 7 దగ్గర మొదలవుతుంది, సున్నా నుంచి లెక్కిస్తే. సరిగ్గా అక్కడే ‘నిన్న’ అని కొట్టి స్పేస్ ఇచ్చారు. ఎడిటర్ అక్కడ పెట్టుకున్న గుర్తు 7లోనే ఉండాలా, 13కి జరగాలా? కూడిక దీన్ని తేల్చలేదు. ఆ గుర్తు దేనికోసం పెట్టామో తెలియాలి. ఈమాక్స్ అనే ఎడిటర్‌లో ఇలాంటి గుర్తు (మార్కర్) ఇలాంటప్పుడు మామూలుగా కదలదు, కదలాలంటే విడిగా చెప్పాలి. వెబ్ పేజీల్లో వాడే ఎడిటర్ కోడ్‌మిర్రర్‌లో ఏ వైపు అతుక్కోవాలో -1 లేదా 1 ఇచ్చి చెబుతాం. ఎర్రగీతకైతే మొదలు ముందుకు జరగాలి, చివర ఉన్నచోటే ఆగాలి. లేకపోతే పక్కన కొట్టిన ప్రతి అక్షరాన్నీ గీత మింగేస్తుంది.

అపోహ: ఒక్క కీ నొక్కితే కింది గుర్తులన్నీ తిరగరాయాలి.

వరుస జాబితాలో పెడితే అంతే. చెట్టులా కొమ్మలుగా పేర్చి, అంకెల్ని పై కొమ్మకు సాపేక్షంగా ఉంచితే కొన్ని కొమ్మలు సవరిస్తే చాలు. ఈమాక్స్ ఓవర్‌లేలు (పాఠం మీద రంగు, గీత లాంటివి వేసే గుర్తులు) 29వ వెర్షన్‌లో చెట్టులోకి మారాయి.

అపోహ: సర్వర్ చెప్పిన స్థానం ఎప్పుడైనా నిజమే.

అడిగినప్పుడు నిజం. జవాబు వచ్చేలోపు మనిషి ఇంకో మూడక్షరాలు కొట్టి ఉంటాడు. ఒకసారి మా సవరణ అలాగే ఆలస్యంగా వచ్చి పక్క పదం నడుమ పడింది. వాక్యం చదివితే నవ్వొచ్చేది, రాసినాయనకు మాత్రం రాలేదు. ఇప్పుడు ప్రతి ప్రశ్నతోపాటు ఆ క్షణానికి ఫైలు ఎన్నో వెర్షన్‌లో ఉందో ఆ నంబరు పంపుతాం. ఆ వెర్షన్ తర్వాత జరిగిన మార్పులన్నింటి మీదుగా జవాబులోని స్థానాన్ని జరుపుతాం. వాటిలో ఏదైనా ఆ పదాన్నే తాకితే జవాబును పారేసి మళ్లీ అడుగుతాం.