మెడ మీద బిళ్ల: హాడ్జ్‌కిన్ లింఫోమా అపోహలు - వాస్తవాలు

హన్మకొండలో నా ఓపీకి హాడ్జ్‌కిన్ లింఫోమాతో (లింఫు గ్రంథులకు వచ్చే ఒక క్యాన్సర్) వచ్చేవాళ్లలో చాలామంది రెండు కవర్లు తెస్తారు. ఒకదాంట్లో స్కాన్లు, ఇంకోదాంట్లో సగం వాడిన టీబీ గోలీలు.

అపోహ: మెడ మీద బిళ్ల కట్టిందంటే టీబీయే.

మన దగ్గర టీబీ ఎక్కువ, ఆ అనుమానం రావడంలో తప్పులేదు. జ్వరం, రాత్రిపూట బట్టలు తడిసేంత చెమట, బరువు తగ్గడం రెండింట్లోనూ ఉంటాయి. ముక్క పరీక్ష (బయాప్సీ) చేయకుండానే ఆరు నెలల టీబీ కోర్సు మొదలుపెట్టడమే తప్పు. నర్సంపేట వైపు నుంచి వచ్చిన ఒక డిగ్రీ కుర్రాడికి (వివరాలు కొంచెం మార్చాను) నాలుగు నెలలు అలాగే పోయాయి. వాళ్ల నాన్న ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి అమ్మి నేరుగా నా దగ్గరికే తీసుకొచ్చారు. కుర్రాడి చొక్కా పై గుండీ పట్టడం లేదు. తాకితే బిళ్ల రబ్బరులా ఉంది, నొప్పి లేదు.

అంతకుముందు సన్న సూదితో చేసిన పరీక్షలో ఏమీ తేలలేదు. ఈ జబ్బులో అది మామూలే. బిళ్లలో ఎక్కువ భాగం మామూలు కణాలే ఉంటాయి. అసలు దొంగ రీడ్-స్టెర్న్‌బర్గ్ కణం, అక్కడొకటి ఇక్కడొకటి. మైక్రోస్కోపులో గుడ్లగూబ కళ్లలా కనిపిస్తుంది. అందుకే వీలైతే బిళ్ల మొత్తం తీసి బయాప్సీకి పంపమంటాం.

"కోస్తే పాకుతదంట గద సార్?" అన్నారు వాళ్ల నాన్న. బయాప్సీతో ఈ క్యాన్సర్ పాకదు. గండమాల అనుకుని పసరు కట్టుకుంటూ కూర్చుంటేనే లోపల పెరుగుతుంది.

అపోహ: నాలుగో స్టేజీ అంటే ఇక ఇంటికి తీసుకుపోవడమే.

వేరే క్యాన్సర్ల లెక్క దీనికి పెట్టకండి. తొలి దశలో పదిమందిలో తొమ్మిదిమందికి, ముదిరాక కూడా ఎక్కువమందికి పూర్తిగా నయమవుతుంది. మన దగ్గర ఎక్కువగా వాడేది ఏబీవీడీ, నాలుగు మందుల కలయిక, పదిహేను రోజులకోసారి ఎక్కిస్తాం. రెండుసార్లు ఎక్కిస్తే ఒక సైకిల్. ఇది ముందే చెప్పకపోతే "ఆరన్నరు, పన్నెండు ఎక్కిస్తున్నరు" అని గొడవ. తొలి దశలో చాలామందికి రెండు నుంచి నాలుగు సైకిళ్లు, ఆపైన రేడియేషన్. ముదిరితే ఆరు. రెండు సైకిళ్లయ్యాక పెట్ స్కాన్ చేసి, బాగుంటే ఒక మందు తగ్గించొచ్చు, బాగాలేకపోతే గట్టి కాంబినేషన్‌కు మారుస్తాం. తిరగబెట్టినవాళ్లకు సొంత మూలకణాల మార్పిడి, బ్రెంటుక్సిమాబ్, నివోలుమాబ్ అనే మందులు ఉన్నాయి. ఈ చివరి రెండింటి ఖరీదు మాత్రం మామూలు ఇళ్లకు భారమే.

ఆ నాలుగింటిలో ఒకటి ఎర్ర మందు. ఒకట్రెండు రోజులు మూత్రం ఎర్రగా వస్తుంది, రక్తం కాదు. మా కుర్రాడు మాత్రం భయపడలేదు: "టీబీ గోలీలకు గూడ గిట్లనే రంగొచ్చింది సార్."

అపోహ: బిళ్ల కరిగింది, ఇక మందు అక్కర్లేదు.

నాకు అన్నిటికంటే కోపం తెప్పించేది ఇదే. మొదటి రెండు డోసులకే బిళ్ల చేతికి దొరకదు. "మేడారం జాతర అయినంక వస్తం" అని వెళ్లి, మళ్లీ బిళ్ల కట్టాకే కనబడతారు. పైగా తెల్లకణాలు తగ్గి ఉన్నప్పుడు ఆ జనంలోకి వెళ్లడమా! కీమో నడుస్తుండగా జ్వరం 100.4 దాటితే పారాసిటమాల్ వేసుకుని తెల్లారేదాకా ఆగొద్దు, రాత్రయినా ఆసుపత్రికి రండి. పొడి దగ్గు, ఆయాసం ఉన్నా అంతే, ఆ నాలుగు మందుల్లో ఒకటైన బ్లియోమైసిన్ ఊపిరితిత్తులను దెబ్బతీయగలదు. బీడీ పూర్తిగా బంద్.

అపోహ: పిల్లలు పుట్టరు.

ఏబీవీడీ తర్వాత చాలామందికి పుడతారు. అయినా మొదటి డోసుకు ముందే వీర్యం భద్రపరచుకోమంటాను. తండ్రిని చాయ్‌కి పంపి అడుగుతాను, లేకపోతే పిల్లవాడు తలెత్తడు.

ఇంట్లో వాళ్లకు అంటదు. కంచం, గ్లాసు వేరు పెట్టకండి.

హైదరాబాద్‌లో ఎంఎన్‌జే ఆసుపత్రికో నిమ్స్‌కో వెళ్లేవాళ్లు కాగితాలతో పాటు బయాప్సీ స్లైడ్లు, మైనం బ్లాకులు (తీసిన ముక్కను మైనంలో భద్రపరిచినవి) కూడా అడిగి తీసుకెళ్లండి. అవి లేక కాజీపేటకు తిరిగి రైలెక్కినవాళ్లను చూశాను.