పలక తిప్పితే చతురస్రం మారిపోతుందా? ప్రాథమిక తరగతుల జ్యామితి: అపోహలు, వాస్తవాలు

తిరుపతి కొర్లగుంటలో మా ఇంటి వరండాలో సాయంత్రాలు మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లలకు లెక్కలు చెబుతాను. "జ్యామితిలో ఇంకో వంద లెక్కలు ఇవ్వండి మేడమ్, చేయగా చేయగా అదే వస్తుంది" అంటారు తల్లిదండ్రులు. అభ్యాసం కావాల్సిందే. అయితే ఒకే బొమ్మను ఒకే వాటంలో వందసార్లు చూసిన పిల్లవాడికి ఆ బొమ్మ ఒక్కటే గుర్తుంటుంది. దాన్ని కాస్త పక్కకు తిప్పితే తడబడతాడు.

అపోహ: చతురస్రాన్ని తిప్పితే 'డైమండ్' అవుతుంది.

ఐదో తరగతి పిల్లలూ ఈ మాట అంటారు. పుస్తకంలో చతురస్రం ఎప్పుడూ నేలకు ఆనుకుని కూర్చున్నట్టే ఉంటుంది మరి. అందుకే సుద్దముక్క ఇచ్చి ఐదు వరుసల్లో ఐదేసి సరిచుక్కలు పెట్టమంటాను. వాకిట్లో ముగ్గులు చూస్తూ పెరిగిన పిల్లలు, క్షణంలో పెట్టేస్తారు. చుట్టూ గీత గీస్తే లోపల 16 గళ్లు వస్తాయి. నాలుగు అంచుల్లోని నడిమి చుక్కలను కలిపితే లోపల మరో బొమ్మ. "డైమండ్!" అని అందరూ ఒకేసారి అరుస్తారు. లేచి మూల వైపు నుంచి చూడమంటాను. మొన్న ఒక పాప అలా చూసి, తిరిగి తన చోటికి వెళ్లి చూసి, పుస్తకం అట్ట మూలను బొమ్మ మూలకు ఆనించింది. "చతురస్రమే టీచర్, మనమే మూలకు కూర్చున్నాం" అంది. ఆ ఒక్క మాట కోసం నేను పది రోజులైనా ఓపిక పడతాను.

తర్వాత అదే బొమ్మను గళ్ల కాగితం మీద గీసి కత్తిరించి, నాలుగు మూలలనూ లోపలికి మడిచాం. లోపలి చతురస్రం సరిగ్గా కప్పుకుపోయింది. అంటే దాని వైశాల్యం 16లో సగం, 8 గళ్లు. సూత్రం ఇంకా చెప్పనే లేదు.

అపోహ: చతురస్రం దీర్ఘచతురస్రం కాదు.

నాలుగు కోణాలూ లంబకోణాలైన చతుర్భుజమే దీర్ఘచతురస్రం. పొడవు, వెడల్పు వేరువేరుగా ఉండాలన్న షరతు ఎక్కడా లేదు. పేరులోనే 'దీర్ఘ' ఉంది కాబట్టి పిల్లలు పొరబడటం సహజం, వాళ్లను కోప్పడకండి.

అపోహ: చుట్టుకొలత ఒకటే అయితే వైశాల్యమూ ఒకటే.

24 సెంటీమీటర్ల చుట్టు వచ్చేలా దారం ముడివేసి, అట్ట మీద గుండుసూదులకు తగిలించండి. 11, 1 భుజాలుగా సాగదీస్తే వైశాల్యం 11 చదరపు సెంటీమీటర్లు. 8, 4 చేస్తే 32. 6, 6 చేస్తే 36. దారం అదే, లోపలి జాగా మారిపోతోంది. ఇంకో జాగ్రత్త: భుజం 4 ఉన్న చతురస్రాన్ని మొదటి లెక్కగా ఇవ్వకండి. చుట్టుకొలత 16, వైశాల్యమూ 16. రెండు సూత్రాలనూ తారుమారు చేసిన పిల్లవాడికీ సరైన అంకే వస్తుంది, మనకు తప్పు కనబడదు.

అపోహ: గీతలు పొడవైతే కోణం పెద్దది.

మూడు గంటలకు చేతిగడియారం, గోడగడియారం పక్కపక్కన చూపించండి. రెండింటిలోనూ 90 డిగ్రీలే. కోణమానినిలో అంకెలు రెండు వరుసల్లో ఉంటాయి కనుక 60కి బదులు 120 చదివేస్తుంటారు. కొలిచే ముందే "లంబకోణం కన్నా చిన్నదా, పెద్దదా?" అని అడిగితే ఆ పొరపాటు చాలావరకు తగ్గుతుంది.

గాంధీ రోడ్డులో కొత్త జామెట్రీ బాక్సు కొన్నా, విరిగిన పాత స్కేలును పారేయకండి. 3 దగ్గర విరిగిన స్కేలుతో పెన్సిలు కొలవమంటే మా పిల్లల్లో ఒకడు "11" అన్నాడు. వేలు పెట్టి ఒక్కొక్క సెంటీమీటరూ లెక్కించమన్నాను. ఎనిమిది దగ్గర ఆగి, నమ్మకం కుదరక మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాడు.