ఎడ్లు నిలిచిపోతే

చిరంజీవి అక్షరకు, తమ్ముడికి తాతయ్య ఆశీస్సులు.

మొన్న నాగార్జునసాగర్ వైపు నుంచి వచ్చిన శిక్షణ విమానం మన చేను మీద తిరుగుతుంటే, "లోపల తెరలన్నీ ఆగిపోతే పైలట్ ఏం చేస్తాడు తాతయ్యా?" అని అడిగావు కదా.

మా చిన్నప్పుడు ఆముదాల బస్తాలు వేసుకుని ఎడ్లబండి మీద దేవరకొండ పోయేవాళ్లం. తిరుగు దారిలో చీకటి పడేది. ఎడ్లకు ఇంటి దారి తెలుసు కనుక బండ్లవాళ్లంతా పగ్గాలు వదులు చేసి ఖాళీ గోనెసంచుల మీద ఒరిగేవారు. ఇరుసు కందెన వాసన, మెడగంటల చప్పుడు... నాకూ నిద్ర ముంచుకొచ్చేది. వాగు పొంగిన రాత్రి మాత్రం ఎడ్లు గట్టున టక్కున నిలిచిపోయేవి. కొందరు ఉలిక్కిపడి లేచి చేతికందిన పగ్గం గుంజేవారు, చక్రం గుంతలో పడేది. మా నాయన ముందు కిందికి దిగి, కాడి పట్టుకుని, నీళ్ల చప్పుడు వినేవారు. ఆ తర్వాతే పగ్గం ముట్టేవారు.

పెద్ద విమానాల్లో ఆ ఎడ్ల పని ఆటోపైలట్‌ది, అంటే విమానాన్ని తనంతట తానే నడిపే యంత్రానిది. 2009 జూన్ 1న బ్రెజిల్‌లోని రియో నుంచి పారిస్ వెళుతున్న ఎయిర్ ఫ్రాన్స్ విమానం రాత్రివేళ అట్లాంటిక్ మీద మబ్బుల్లో ఉంది. వేగం కొలిచే గొట్టాల్లో మంచు పలుకులు అడ్డుపడి, తెర మీద అంకె తప్పింది. ఆటోపైలట్ తప్పుకుంది. ఎడ్లు నిలిచాయన్నమాట. ఇంజన్లు బాగున్నాయి, రెక్కలు బాగున్నాయి. ముక్కును కాస్తే ఎత్తి, ఇంజన్ శక్తిని తెలిసిన చోట ఉంచి ఓపిక పడితే సరిపోయేది. కంగారులో పైలట్ ముక్కు ఎత్తుతూనే పోయాడు. రెక్కలకు గాలి పట్టు తప్పింది. దాన్నే స్టాల్ అంటారు. "స్టాల్" అని హెచ్చరిక 70 సార్లకు పైగా మోగింది. 5 నిమిషాలు తిరగకముందే 228 మంది సముద్రం పాలయ్యారు.

ఆ పైలట్లను నిందించకండి. అంత ఎత్తున విమానాన్ని చేత్తో నడపడం వాళ్లకెవరూ నేర్పలేదు. వాడని చేయి పని మరిచిపోతుంది తల్లీ. అందుకే ఇప్పుడు అంకెలు తప్పినప్పుడు ఎలా నడపాలో పైలట్లకు నేర్పుతున్నారు. తెరలు ఆగినా వేరే బ్యాటరీతో పనిచేసే చిన్న మీటర్లు ఉంటాయి. అయస్కాంత దిక్సూచికైతే కరెంటే అక్కర్లేదు.

ఇన్ని మీటర్లెందుకు, ఒంటికి తెలియదా అంటారేమో. మబ్బులో ఒళ్లు చెప్పేది నమ్మడానికి లేదు. చెవి లోపలి నీరు కదిలితే తిరుగుతున్నామనిపిస్తుంది, తిరగడం ఆగాక కూడా! ఎంత వింతో చూడండి. ఈసారి శ్రీశైలం పోయేటప్పుడు దోమలపెంట దాటాక ఘాట్ మలుపుల్లో కళ్లు మూసుకుని, బస్సు ఎటు తిరుగుతోందో చెప్పండి. తమ్ముడు కిటికీలోంచి చూసి సరిచూడాలి.

మీ తాతయ్య