నిమ్రూద్ శిలల పేచీ: మూలం 1846 నాటి లేఖలో ఉంది

ఇరాక్‌లోని నిమ్రూద్‌లో 2015లో ఐసిస్ పేల్చివేసిన రాజప్రాసాదం శకలాలను అక్కడి పురావస్తు శాఖ నిపుణులు ఏరి, శుభ్రం చేసి, ఒకదానితో ఒకటి జతకూరుస్తున్నారు. అన్ని ముక్కలూ అతికినా ఆ గోడలు నిండవు. కొన్ని ఖాళీలు ఐసిస్ చేసినవి కావు. అక్కడ ఉండాల్సిన ఫలకాలు నూట డెబ్బయ్యేళ్లుగా లండన్‌లోనూ అమెరికా కాలేజీల్లోనూ ఉన్నాయి. అవి ఎవరివి అన్న ప్రశ్న మళ్లీ పైకి రావడానికి కారణం ఇదే.

ఆ ప్రాసాదాన్ని కట్టించినవాడు రెండో అషుర్‌నాసిర్‌పాల్. ఇప్పటి ఉత్తర ఇరాక్‌లోని ప్రాచీన రాజ్యం అస్సీరియాను క్రీ.పూ. 883 నుంచి 859 వరకు ఏలాడు. అతని దండయాత్రల జాబితా ఇక్కడ అనవసరం. ఎదురుతిరిగిన నాయకుల తోలు ఒలిపించి స్తంభానికి చుట్టించానని తన శాసనాల్లో తానే చెప్పుకున్నాడు. అతని పేరు ఎత్తగానే చాలామంది మొదట చెప్పేది ఆ మాటే. నేటి పేచీకి కావలసింది మాత్రం అతను కట్టించిన ఊరు. పాత రాజధాని అషూర్‌ను వదిలి, జయించిన దేశాల నుంచి జనాన్ని తరలించి, జాబ్ నది నుంచి కాలువ తవ్వించి కల్హును రాజధానిగా తీర్చిదిద్దాడు. బైబిల్‌లో కాలహుగా కనిపించేది, ఇవాళ నిమ్రూద్ అంటున్నది ఆ ఊరే. ప్రాసాదం పూర్తయ్యాక 69,574 మందికి పది రోజుల పాటు విందు ఇచ్చానని ఒక శిలపై చెక్కించాడు. ఆ అంకెను నమ్మాలో లేదో పాఠకుల ఇష్టం.

ప్రాసాదం గదుల గోడలకు నిలువెత్తు రాతి ఫలకాలు వరసగా తాపడం చేశారు. రెక్కల దేవతలు, పవిత్ర వృక్షం, విల్లు పట్టిన రాజు అన్నీ ఒక ఫలకం నుంచి మరో ఫలకానికి సాగుతూ ఉంటాయి. వాటి మీదుగా అడ్డంగా ఒకే శాసనం, అవే బిరుదులు, అవే విజయాలు ఫలకం ఫలకానికీ మళ్లీ మళ్లీ చెక్కారు. కాబట్టి వీటిలో ఏ ఒక్కటీ విడి బొమ్మ కాదు, గోడలో భాగం. వేలంపాట జాబితాలో మాత్రం ఒక్కో ఫలకం విడి కళాఖండంగానే కనిపిస్తుంది.

గోడలో భాగం అమ్మకపు సరుకుగా ఎప్పుడు మారిందో వెతికితే 1846 దగ్గర ఆగాలి. అంతకు కొన్ని నెలల ముందు, 1845 నవంబరులో, ఆస్టెన్ హెన్రీ లేయార్డ్ అనే ఇంగ్లీషు యువకుడు అడవి పందుల వేటకు పోతున్నానని దగ్గరి నగరం మోసుల్‌లో అందరికీ చెప్పి, టైగ్రిస్ నదిపై తెప్పలో నిమ్రూద్ చేరాడు. తెప్పలో తవ్వకపు పనిముట్లు ఉన్నాయి. జేబులో, ఆ ప్రాంతాన్ని అప్పట్లో ఇస్తాంబుల్ నుంచి ఏలుతున్న ఒట్టోమన్ ప్రభుత్వ అనుమతి లేదు. ఖర్చుకు డబ్బు ఇచ్చింది ఇస్తాంబుల్‌లోని బ్రిటిష్ రాయబారి స్ట్రాట్‌ఫర్డ్ కానింగ్. అంతకుముందే ఫ్రెంచి కాన్సల్ బొట్టా ఖోర్సాబాద్‌లో మరో అస్సీరియా ప్రాసాదాన్ని వెలికితీయడంతో పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంకు ఒక విజయం దక్కింది. కానింగ్ తొందర అందుకే.

సంగతి తెలిసి మోసుల్ పాషా, అంటే అక్కడి ఒట్టోమన్ గవర్నరు, తవ్వకం ఆపమన్నాడు. దిబ్బ మీద ముస్లింల సమాధులు ఉన్నాయన్నది అతను చెప్పిన కారణం. ఆ సమాధిరాళ్లను రాత్రికి రాత్రి పాషా మనుషులే తెచ్చి పాతారని లేయార్డ్ రాశాడు. కావచ్చు. కానీ ఈ ఉదంతమంతా మనకు అందింది లేయార్డ్ రాతలోనే. రాళ్లు మోసిన కూలీలు, పక్క పల్లెల అరబ్బులు తమ వైపు నుంచి ఏం చెప్పేవారో ఎవరూ రాసిపెట్టలేదు.

అప్పుడు కానింగ్ ఇస్తాంబుల్‌లో చక్రం తిప్పాడు. 1846 మేలో ప్రధాన వజీరు నుంచి మోసుల్ పాషాకు లేఖ వచ్చింది. ఈ ఇంగ్లీషు పెద్దమనిషి తవ్వి తీసే రాళ్లలో తనకు పనికొచ్చేవి తీసుకోవడానికి, వాటిని ఇంగ్లండుకు ఓడలో పంపడానికి అడ్డు చెప్పవద్దని దాని సారాంశం. ఎవరు అడిగారు, ఎవరు ఇచ్చారు అన్నది గమనించాలి. 1840లో ఈజిప్టు పాలకుడు మహమ్మద్ అలీ సైన్యాన్ని సిరియా నుంచి వెళ్లగొట్టడానికి సుల్తాను బ్రిటన్ అండ తీసుకున్నాడు. రష్యా భయం సరేసరి. ఆ పరిస్థితిలో కానింగ్ మాట కాదనడం ఇస్తాంబుల్‌కు తేలిక కాదు. లేఖ ఎవరి నేల గురించి రాశారో వాళ్లను అడిగినవారు లేరు. ఇరాక్ అనే దేశమే అప్పటికి లేదు.

ఆ లేఖ బలంతో రెక్కల సింహాలు, ఫలకాలు తోలుతిత్తుల తెప్పలపై బస్రా చేరి, అక్కడి నుంచి బొంబాయి మీదుగా లండన్‌కు వెళ్లాయి. ముంబయి మ్యూజియంలో ఇప్పటికీ అస్సీరియా ఫలకాలు ఉన్నాయి. మన పాఠకులకు మరో సంగతి గుర్తు చేయాలి. లేయార్డ్ నిమ్రూద్‌లో పలుగు దించిన 1845లోనే వాల్టర్ ఇలియట్ అమరావతి స్తూపాన్ని తవ్వించాడు. ఆ శిల్పాలు మద్రాసు మీదుగా 1859లో లండన్ చేరాయి. ఇప్పుడు రెండు చోట్ల నుంచి వెళ్లినవీ బ్రిటిష్ మ్యూజియంలోనే ఉన్నాయి.

బ్రిటిష్ మ్యూజియం తనకు కావలసినవి తీసుకున్నాక మిగిలిన ఫలకాలు మోసుల్‌లోని అమెరికా మిషనరీల చేతికి వచ్చాయి. బైబిల్ చెప్పిన చరిత్రకు ఇవి సాక్ష్యమని వాళ్లు స్వదేశంలోని కాలేజీలకు పంపారు. ఒంటెలు మోయగలిగేలా ఫలకాల వెనుక భాగాన్ని రంపంతో కోసి పలుచన చేశారు, కొన్నింటిని ముక్కలుగా కోశారు. వజీరు లేఖలో ఉన్నది ఒక ఇంగ్లీషు పెద్దమనిషి, ఇంగ్లండుకు పోయే ఓడ. అదే అనుమతి అమెరికాలోని సెమినరీ (క్రైస్తవ మతబోధకుల కళాశాల) దాకా ఎలా సాగిందన్నది అడగాల్సిన ప్రశ్న.

2018 అక్టోబరు 31న న్యూయార్క్‌లో క్రిస్టీస్ సంస్థ వేలం వేసింది అలా వెళ్లిన ఫలకాన్నే. వర్జీనియా థియలాజికల్ సెమినరీకి అది ఒక మిషనరీ ద్వారా 19వ శతాబ్దంలో చేరింది. సుమారు 3.1 కోట్ల డాలర్లకు అమ్ముడుపోయింది. ఇరాక్ సాంస్కృతిక శాఖ అభ్యంతరం చెప్పి తిరిగి ఇమ్మని కోరింది. ఆనాటి ప్రభుత్వ అనుమతితోనే ఫలకం దేశం దాటిందన్నది అమ్మేవారి జవాబు.

చట్టం లెక్కలో ఆ జవాబుకు బలముంది. పురావస్తువుల ఎగుమతిని ఒట్టోమన్లు గట్టిగా నిషేధించింది 1884లో. ఇరాక్ సొంత చట్టాలు 1924లో, 1936లో వచ్చాయి. సాంస్కృతిక సంపద అక్రమ రవాణాను అడ్డుకునే యునెస్కో ఒప్పందం 1970 నాటిది. ఇవేవీ వెనక్కి వర్తించవు. బ్రిటిష్ మ్యూజియం చేతిలో ఉన్నవాటిని తిరిగి ఇవ్వడానికి 1963 నాటి బ్రిటన్ చట్టమే అడ్డు. అంటే అన్ని దారులూ తిరిగి తిరిగి వజీరు లేఖ దగ్గరికే చేరతాయి. దాన్ని స్వేచ్ఛగా ఇచ్చిన అనుమతిగా చూస్తే ఇరాక్ వాదన నిలవదు. ఒత్తిడి కింద ఇచ్చినదిగా చూస్తే లండన్ వాదన వదులవుతుంది. ఈ రెండో చూపుకే ఆధారాలు ఎక్కువ.

అక్కడే ఉంటే ఐసిస్ పగలగొట్టేది కదా అన్న వాదన కూడా ఉంది. కాదనలేం. మోసుల్ మ్యూజియంలో అషుర్‌నాసిర్‌పాల్ సింహాసన పీఠాన్ని పేల్చినప్పుడు హాలు నేలకే గొయ్యి పడింది. అయితే 1988, 1989లలో ఇరాకీ పురావస్తువేత్తలు ఇదే ప్రాసాదం కింద రాణుల సమాధులు కనుగొన్నారు. ఆ బంగారాన్ని బాగ్దాద్‌లోని సెంట్రల్ బ్యాంకు ఖజానాలో దాచారు. 2003 యుద్ధంలో ఖజానాలోకి నీరు చేరినా బంగారం చెక్కుచెదరలేదు. దాన్ని కాపాడినవారూ ఇరాకీలే. ఈ సంగతి ఆ వాదన చేసేవారి నోట అరుదుగా వినిపిస్తుంది.

వేలంలో అమ్ముడైన ఫలకం మాత్రం మ్యూజియంల సంగతి కన్నా చిక్కైనది. కొన్నవారి పేరును క్రిస్టీస్ వెల్లడించలేదు. లండన్‌లోని ఫలకాల కోసమైతే ఇరాక్ ఉత్తరం రాయడానికి ఒక చిరునామా ఉంది. దీనికి అదీ లేదు.