షమన్ సాధనలో జాతి, లింగం, సమాజం: అపోహలు - వాస్తవాలు

షమన్ అంటే ఆత్మల లోకంతో మాట్లాడి జబ్బులు నయం చేసే వ్యక్తి. ఆ సాధన కోసం అందరం గుండ్రంగా కూర్చునే డ్రమ్ము వలయం మొదలుపెట్టే ముందు డ్రమ్ము చర్మాన్ని సెగకు కాస్త ఎడంగా పట్టి కాస్తాను. తేమకు సడలిన చర్మం మొద్దుగా పలుకుతుంది. వెచ్చబడితే బిగిసి, నాదం తేటగా లేస్తుంది. ఆ కాసేపట్లోనే కొత్తగా వచ్చినవాళ్లు ప్రశ్నలడుగుతారు. వాళ్ల మాటల్లో కొన్నింటిని ఒకప్పుడు నేనూ నమ్మాను.

అపోహ: షమనిజం మనుషులందరి ఉమ్మడి సొత్తు, ఇందులో జాతి ప్రస్తావన ఎందుకు?

'షమన్' అన్న మాటే సైబీరియాలోని ఎవెంకీ ప్రజల భాష నుంచి వచ్చింది. ఈరోజు నగరాల్లో నేర్పే పద్ధతి చాలావరకు అమెరికన్ మానవశాస్త్రవేత్త మైకేల్ హార్నర్ కూర్చింది. అమెజాన్ ప్రాంతపు షువార్, కోనిబో ప్రజల దగ్గర నేర్చుకున్నవాటికి వేరే చోట్లవీ కలిపి, స్థానిక ఆచారాలు తీసేసి, 'కోర్ షమనిజం' అన్నారాయన. నిమిషానికి 200కు పైగా డ్రమ్ము దెబ్బల మోత వింటూ కళ్లు మూసుకుని పడుకోవడం ఆ దారిలోదే. నేను నేర్చుకున్నదీ అదే, మేలు పొందాను కూడా. కానీ ఆచారాలు తీసేసినప్పుడు వాటిని కాపాడుకొచ్చిన మనుషులూ కనుమరుగయ్యారు. సోవియట్ పాలనలో షమన్లను జైళ్లలో పెట్టారు, డ్రమ్ములు లాక్కున్నారు. అమెరికాలో ఆదివాసుల మతస్వేచ్ఛ చట్టం 1978లో గానీ రాలేదు. తమ పెద్దలకు నిషేధించిన క్రతువును ఇప్పుడు ఎవరో వారాంతపు శిబిరంలో అమ్ముకుంటుంటే కోపం రాదా? 1993లో అమెరికా ఆదివాసులైన లకోటా ప్రజల ప్రతినిధులు అలాంటివాళ్లపై యుద్ధం ప్రకటిస్తున్నామని తీర్మానమే చేశారు.

మరియా సబీనా కథ నేను ప్రతి బృందానికీ చెబుతాను. ఆమె మెక్సికోలోని వాహుత్లా ఊరి మజటెక్ వైద్యురాలు. రోగం నయం చేయడానికే రాత్రి పూజలో దర్శనాలు కలిగించే పుట్టగొడుగులు వాడేది. 1955లో గోర్డన్ వాసన్ అనే అమెరికన్‌ను ఆ పూజలో కూర్చోనిచ్చింది. 1957లో ఆయన 'లైఫ్' పత్రికలో రాశాక బయటివాళ్లు ఊరిమీద పడ్డారు. వాళ్లలో చాలామందికి ఏ జబ్బూ లేదు, దేవుణ్ణి చూడాలని వచ్చారు. పోలీసులు వచ్చారు, ఊరివాళ్లు ఆమెను దూరం పెట్టారు, ఆమె ఇల్లు తగలబడింది. వచ్చినవాళ్లు అనుభవం మూటగట్టుకుని వెళ్లిపోయారు. ఆమె మాత్రం అక్కడే బతకాల్సి వచ్చింది.

అపోహ: షమన్ అంటే మగవాడే.

కొరియాలో ముదాంగ్‌లు అనే షమన్లు ఎక్కువమంది ఆడవాళ్లే. చిలీలోని మపూచే ప్రజల షమన్లయిన మాచిలూ అంతే. అక్కడ మగ మాచిలు క్రతువులో ఆడవాళ్ల వేషం వేసుకోవడం కూడా ఉంది. అలాగని ఆడవాళ్లకు ఇది పుట్టుకతోనే వస్తుందనడం కూడా అపోహే. ఇంకొకటి: ఆడ, మగ రెండు ఆత్మలూ ఒకరిలోనే ఉన్నాయనే అర్థంలో వాడే 'టూ-స్పిరిట్' అన్న పేరు 1990లో విన్నిపెగ్ సమావేశంలో ఉత్తర అమెరికా ఆదివాసులు తమకోసం ఎంచుకున్నది. బయటివాళ్లు దాన్ని బిరుదులా తగిలించుకోకూడదు.

నా వలయంలో ఒక నియమం ఉంది: అడగకుండా ఎవరూ ఎవరినీ తాకకూడదు. వైద్యం పేరుతోనైనా సరే. కళ్లు మూసుకుని పడుకున్న ఆడమనిషి మీద చేయి వేయడం ఎంత సులువో, ఆ తర్వాత ఆమె మాట ఎవరూ నమ్మకపోవడమూ అంతే సులువు.

అపోహ: కోర్సు పూర్తిచేసి సర్టిఫికెట్ తెచ్చుకుంటే షమన్ అయినట్టే.

కొరియాలో దేవత పట్టిన జబ్బుతో ఏళ్లు అల్లాడినవాళ్లు పెద్ద ముదాంగ్ దగ్గర చేరతారు. నెరిమ్‌గుత్ అనే దీక్షా క్రతువులో పదిమంది ముందు వాక్కు చెప్పాలి. ఆ తర్వాత కూడా ఆ 'దేవత తల్లి' చేతికింద ఏళ్లపాటు నేర్చుకోవాలి. తప్పు జరిగితే నిలదీసే జనం చుట్టూ ఉంటారు. అలా నిలదీసేవాళ్లు లేనిచోట ఏం జరుగుతుందో 2009లో అరిజోనాలోని సెడోనా దగ్గర తెలిసింది. వేల డాలర్లు కట్టి వచ్చినవాళ్లను, ఆదివాసుల క్రతువును అనుకరిస్తూ వేడి రాళ్లతో ఆవిరి నింపిన గుడిసెలో కూర్చోబెడితే ముగ్గురు ప్రాణాలు పోయాయి. నడిపినవాడు ఆదివాసి పెద్ద కాదు, వ్యక్తిత్వ వికాస బోధకుడు. అతనికి జైలు శిక్ష పడింది.

నన్ను నేను షమన్ అని చెప్పుకోను. మొదట్లో ఒకసారి వలయం ముగిశాక ఒకావిడ మూలన కూర్చుని ఏడుస్తుంటే, 'మంచిదే, బరువు దిగుతోంది' అనుకుని సామాన్లు సర్దేశాను. ఆవిడ వారం రోజులు నిద్రపోలేదని తర్వాత తెలిసింది. అప్పటినుంచి వలయానికి వచ్చిన ప్రతివాళ్లకీ మరునాడు పొద్దున్నే ఫోన్ చేస్తాను. ఎత్తకపోతే సాయంత్రం మళ్లీ చేస్తాను.