గోడ పెట్టే ముహూర్తం

శివరాత్రి వెళ్ళగానే విశాఖలో షాపింగ్ కాంప్లెక్సులకు పరంజాలు లేస్తాయి. ఉగాదికల్లా షాపు కళకళలాడాలని ఓనరు తొందర, ఎండలు ముదరకముందే పని తేల్చేయాలని మేస్త్రీ తొందర. గోడకు మాత్రం ఈ రెండూ పట్టవు. రంగు పనంతా నిజానికి నీళ్ళ లెక్క. గోడలో ఉన్న నీళ్ళు ముందు పోవాలి. తర్వాత రంగులో ఉన్న నీళ్ళు పోవాలి, అవి మరీ త్వరగానూ పోకూడదు.

బీచ్ రోడ్డు వైపు భవనాలకు ఈ లెక్కలో ఉప్పు కూడా కలుస్తుంది. అలల తుంపర గాలిలో ఆరి, సన్నటి ఉప్పు రేణువులుగా గోడకు పడుతుంది. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు ఆవిరిని పీల్చుకుని తనే నీరవుతుంది. ముసురు రోజుల్లో వంటింట్లో ఉప్పు డబ్బా చెమర్చేది ఇందుకే. సముద్రం పక్కన రాత్రిపూట తేమ ఆ గీత తరచూ దాటుతుంది. ఉప్పు కడగకుండా రంగు వేస్తే, పొర కింద చిక్కిన ఉప్పు బయటి చెమ్మను లోపలికి లాగుతూనే ఉంటుంది. కొన్నాళ్ళకు బొబ్బలు, వానలకు పెచ్చులు. తిట్లన్నీ రంగు డబ్బాకు తగులుతాయి గానీ, తప్పు చాలాసార్లు గోడను మంచినీళ్ళతో కడగకపోవడంలోనే ఉంటుంది.

కడిగాక ఆరిందో లేదో చూడాలి కదా. అడుగున్నర చదరం ప్లాస్టిక్ షీటు ముక్కను నాలుగు అంచులా టేపు వేసి, గాలి దూరకుండా గోడకు అంటించండి. కనీసం 16 గంటలు ఉంచి తీయండి. షీటు లోపలివైపు నీటి చుక్కలు కనబడినా, ఆ మేర గోడ నల్లబడినా ఇంకా ఆగాల్సిందే. అరచేత్తో పాత రంగును రుద్ది చూడటం ఇంకా సులువు. చేతికి తెల్లపొడి అంటిందంటే, రంగును పట్టి ఉంచే జిగురును ఎండ తినేసి, పొడిని మాత్రం మిగిల్చిందని అర్థం. దాని మీద వేసిన కొత్త రంగు ఆ పొడిని పట్టుకుంటుంది, గోడను పట్టుకోదు.

చిల్లులు పూడ్చిన చోట కొత్త సిమెంటుకు మరో పేచీ. దానిలోని క్షారం చాలా ఘాటు, కొన్ని రంగులను విరిచేసి మచ్చలు తేలుస్తుంది. 28 రోజులైనా వదలాలి. అంటే ఫిబ్రవరి చివర్లో రంగు వేయాలంటే, అతుకుల పని సంక్రాంతి సెలవులు కాగానే ముగియాలి. అందరూ వెనకబడేది ఇక్కడే.

ఇక రంగులోని నీళ్ళ సంగతి. 60 అడుగుల వెడల్పు, 40 అడుగుల ఎత్తున్న ముందుగోడ 2,400 చదరపు అడుగులు. బయటి ఎమల్షన్ రెండు కోటింగులకు లీటరు 50, 60 చదరపు అడుగులు వస్తుంది. నలభై లీటర్లు దాటుతుంది కాబట్టి, పెయింటరు కలిపే నీళ్ళతో కలిపి ఆ ఒక్క గోడ నుంచే ముప్పై లీటర్ల దాకా నీరు గాల్లోకి పోవాలి. ఎమల్షన్ అంటే నీళ్ళలో తేలే యాక్రిలిక్ గుండ్లు, ఒక్కోటి సుమారుగా మిల్లీమీటరులో పదివేలో వంతు. నీరు తగ్గేకొద్దీ అవి దగ్గరికి జరిగి, ఒకదాన్నొకటి నొక్కుకుని, చలిమిడి ఉండల్లా కలిసిపోయి ఒకే పొర అవుతాయి. పెనంలా కాలుతున్న గోడ మీద వేస్తే కలిసేలోపే ఆరిపోతాయి. పొర గుల్లగా మిగులుతుంది, రోలరు చారలు కూడా పోవు.

అందుకే మంచి మేస్త్రీ నీడ వెంట నడుస్తాడు. ఇక్కడ సముద్రం వైపు గోడకు పొద్దుటి ఎండ కొడుతుంది, దాని పని మధ్యాహ్నం. పడమటి గోడ పని ఉదయం. అలాగని తెల్లారగానే మొదలెట్టకూడదు. గాలి 22 డిగ్రీలు, తేమ 80 శాతం ఉన్న రాత్రి, గోడ 18 డిగ్రీలకు చల్లబడితే చాలు, దాని మీద కంటికి సరిగ్గా ఆనని మంచు పడుతుంది. టీ తాగొచ్చి మొదలెట్టే పెయింటరును ఆలస్యమని కసరకండి.

ఉత్తరపు గోడను ఆఖరుకు ఉంచాలి. ఫిబ్రవరిలో సూర్యుడు దక్షిణాన ఉంటాడు గనక దానికి ఎండ పొడే తగలదు. అక్టోబరు, నవంబరు వానల్లో తాగిన నీరు, పాకుడు పచ్చ అలాగే ఉంటాయి. మార్చి 21 దాటాక పొద్దున, సాయంత్రం ఏటవాలుగా ఎండ తగులుతుంది. విశాఖలో నడినెత్తి సూర్యుడు మే రెండో వారానికి వస్తాడు, అంతదాకా ఆగితే జూన్ వానలు ముంచుకొస్తాయి. ఏప్రిల్ మొదట్లో పని పెట్టుకుంటే సరిపోతుంది.

షాపుల గోడలకు ఇళ్ళకు లేని తద్దినాలు కొన్ని ఉన్నాయి. ఏసీ పైపు చుక్కచుక్కగా తడిపే గోడ ఏ ఎండకూ ఆరదు, ముందు పైపు దారి మళ్ళించాలి. సైన్‌బోర్డు దించకుండా చుట్టూ పూసేస్తే వెనక బోల్టులు తుప్పు పడుతూనే ఉంటాయి. తుప్పు ఇనుము కంటే కొన్ని రెట్లు చోటు ఆక్రమించి ప్లాస్టరును పగలగొడుతుంది.

షట్టరు ఎనామెల్‌ది వేరే రసాయనం. దానిలోని నూనె గాలిలో ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడుతుంది, తాకితే అంటుకోనంత మాత్రాన లోపల గట్టిపడినట్టు కాదు. పాత పొరను పొడిగా గీకొద్దు, తడిపి గీకండి. రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల్లో 90 వంతులు) మించకూడదన్న నియమం 2017 నవంబరు 1న గానీ అమల్లోకి రాలేదు, అంతకు ముందటి పొరల్లో ఆ విషం ఎక్కువే ఉండొచ్చు, పొడిగా గీకితే దుమ్మై ఊపిరిలోకి పోతుంది. మా వీధిలో ఒక షాపు షట్టరుకు రాత్రి పదింటికి రంగు వేసి, పొద్దున తొమ్మిదింటికి పైకి చుట్టేశారు. సాయంత్రం దించితే పలకకు పలక అంటుకుని, రంగు చర్మంలా లేచొచ్చింది. ఆదివారం మూసే షాపైతే శనివారం రాత్రి వేయించుకోవాల్సింది.